తెరవెలుగును నిద్రయును
(కామారెడ్డిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మహాశయులారా!

ఈ వేదికనుండి విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, యువకుల యుద్యోగములను గూర్చియు పెద్దలు చక్కగా నుపన్యసించియున్నారు. కార్యదర్శిగారు మాకు విషయనిర్ణయమున స్వేచ్ఛ నొసగిరి. మేము నిద్రను గూర్చి మాటలాడ నిశ్చయించితిమి. భోజనానంతరము నిద్రను గూర్చి మాటలాడువాడు సభనే నిద్రపుచ్చునను పరిహాసము మాకు దెలియనిది కాదు. అట్లు జరిగినను మేము చింతింపము. ఈ సభలో కూర్చున్నవారిలో పెక్కుమందికి గడచిన రాత్రి చాలినంత నిద్ర లేదని కన్నులే చెప్పుచున్నవి.

ఈ విషయమునకును కులసంఘమునకును నేమి సంబంధమని కొందరడుగవచ్చును. ఒక యింటి యజమాని రాత్రి పది గంటలకు సెల్‌ఫోనును పక్కన బెట్టవలెనని నిశ్చయించుకొన్నాడనుకొందము. పదకొండు గంటలకు బావమరది సందేశము పంపును. పదకొండున్నరకు పెండ్లిసంబంధము గూర్చి మరియొకరు ఫొటోలు పంపుదురు. ఆ నిశ్చయము మూడు దినములైన నిలువదు. ఒక్కొక్క యింటి రాత్రి పది యిండ్లవారి చేతులలో నున్నది. పదిమంది కూడి చేయవలసిన పనులకొరకే సంఘములేర్పడినవి గావున, ఈ మాట నిక్కడ చెప్పుట యుచితమని తలచితిమి.

మన పూర్వులు రాత్రిని గూర్చి యేమి తలచిరో మొదట చూతము. అమరకోశమునందు రాత్రికి గల పేర్లలో 'త్రియామ' యనునది యొకటి. యామమనగా జాము, మూడు గంటల కాలము. రాత్రికి నాలుగు జాములుండగా మూడు జాములు గలదని యేల చెప్పిరని బాలురు మమ్ము ప్రతి సంవత్సరము నడుగుచుండెడివారు. వ్యాఖ్యాతలు చెప్పిన సమాధాన మిది: రాత్రి మొదటి యరజామును, కడపటి యరజామును జనులు తమ పనులలో మెలగుదురు గనుక నవి పగటిలో చేరినవే. నడుమ మిగిలిన మూడు జాములే నిజమైన రాత్రి. లెక్కవేసి చూడుడు. పొద్దుగూకిన పిదప గంటన్నర దీపపు వెలుగున భోజనము, మాటలు, పిల్లల పాఠములు. అటుపిమ్మట తొమ్మిది గంటలు చీకటి. తెల్లవారుటకు ముందు మరల గంటన్నర మేలుకొలుపు. ఆ తొమ్మిది గంటలలో మనుష్యునకు ఏడెనిమిది గంటల నిద్ర సుఖముగా నిముడును. రాత్రికే 'క్షణద' యనియు నొక పేరు కలదు. క్షణ శబ్దమునకు పనిలేక విశ్రమించియుండుట యనియు, ఉత్సవమనియు నర్థములు. విశ్రాంతి నిచ్చునది కావున రాత్రి క్షణద యైనది.

చరకసంహిత శరీరమును నిలువబెట్టు మూడు ఊతలను జెప్పుచు, ఆహారమునకు ప్రక్కనే నిద్రను జేర్చినది. మూడవది బ్రహ్మచర్యము. సుఖదుఃఖములును, పుష్టియు కృశత్వమును, బలాబలములును, జ్ఞానమును అజ్ఞానమును నిద్ర ననుసరించియుండునని యా గ్రంథాభిప్రాయము. భగవద్గీత యాఱవ యధ్యాయమున, మితిమీరి నిద్రించువానికిని, అసలే నిద్రింపనివానికిని యోగము సిద్ధింపదని చెప్పబడినది. మన పెద్దలు సోమరితనమును మెచ్చలేదు. అట్లని నిద్రను దండుగ యనియు ననలేదు.

ఇక మన ప్రాంతమున రాత్రి యెట్లు మారినదో చూతము. మా బాల్యమున ఎల్లారెడ్డి చుట్టుపట్ల పల్లెలలో కందిలి వెలుగున చదువుకొన్నవారము. కందిలి వెలుగు పసుపును ఎరుపును గలసినది. దానిలో నీలవర్ణము మిక్కిలి తక్కువ. అది మంచముపైకి రాదు, గూటిలోనే యుండును. చమురు మిగుల్చుటకై పెద్దవారు త్వరగా దాని నార్పుచుండిరి. పిదప విద్యుద్దీపములు వచ్చినవి. 2015వ సంవత్సరము జనవరిలో కేంద్రప్రభుత్వము ఉజాలా పథకము నారంభించిన పిమ్మట ఎల్‌ఈడీ దీపములు చౌకయై పల్లెపల్లెకు జేరినవి. వానివలన కరెంటు బిల్లు తగ్గిన మాట నిజము, ఆ మేలును మరువరాదు. కాని మనవారు కొనునవి చాల వరకు తెల్లని, నీలిచాయ గల దీపములు. ఎల్‌ఈడీలో తెల్లదనము పుట్టుట కారణము నీలవర్ణమే. లోపల నీలకాంతి పుట్టును. దానిపై పూసిన పసుపు పొడి కొంత నీలమును పసుపుగా మార్చును. రెండును కలసి తెలుపై కన్పట్టును. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమనో, నకమురా యనువారికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమాన మీయబడినది. మన చేతిలోని సెల్‌ఫోను తెరకును ఆ నీలకాంతియే యాధారము.

రైతుకు రాత్రినిద్ర లేకపోవుట మన జిల్లాకు క్రొత్త కాదు. వంతుల కరెంటు కాలమున మోటారు పెట్టుటకై నడిరేయి బాయికాడికి పోయినవారు ఈ సభలో నెందరో యున్నారు. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు నిచ్చు నేర్పాటు జరిగినది. ఆ విధముగా తిరిగివచ్చిన నిద్రను మనము తెరకు సమర్పించితిమి. బాలుర సంగతి చూడగా, 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి, కరోనా కారణమున బడులు మూయబడియున్నందున, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిల ద్వారా పాఠములు మొదలైనవి. టీవీ లేని యిండ్లలో సెల్‌ఫోనే బడి యైనది. పిల్లలకు ఫోను కొనియిచ్చిన తలిదండ్రులను మేము నిందింపము. చదువుకొరకే యిచ్చిరి. బడులు తెరచిన పిదప పలక తిరిగి సంచిలోనికి బోయినది గాని, ఫోను పిల్లవాని చేతినుండి పోలేదు.

వెలుగు నిద్ర నెట్లు చెరచును? దీనిని శాస్త్రజ్ఞులు స్పష్టముగా కనుగొనిరి. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ అను వైద్యుడు మెలటోనిన్ అను ద్రవ్యమును వేరుచేసెను. ఇది మెదడు నడుమ నున్న చిన్న గ్రంథినుండి పుట్టును. పొద్దుగూకి చీకటి పడగా, నిద్రవేళకు సుమారు రెండు గంటల ముందుగా, ఇది రక్తములో హెచ్చసాగును. ఇది మత్తుమందు కాదు. రాత్రి యైనదని దేహమంతటికిని చాటు దండోరా వంటిది. ఇక కన్ను సంగతి. చూచుటకై కంటిలో రెండు విధములైన కణములున్నవని పూర్వమే తెలియును. 2002లో డేవిడ్ బెర్సన్ మొదలగువారు మూడవ విధమగు కణములు సైతము వెలుగును గ్రహించునని నిరూపించిరి. వీని ముఖ్యకార్యము బొమ్మను చూచుట కాదు, పగలా రాత్రియా యని మెదడునకు దెలుపుట. ఈ కణములు నీలకాంతికి మిక్కిలి చలించును. మేఘము లేని పగటి యాకాశమునకు నీలవర్ణమే గదా! నీలకాంతి కంటబడినంతనే యవి "ఇది పగలు" అని మెదడులోని గడియారమునకు వార్త పంపును. ఆ గడియారము మెలటోనిన్‌ను నిలుపును. దేహములోని యీ కాలచక్రము కణములలో నెట్లు నడచునో కనిపెట్టిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో వైద్యమున నోబెల్ బహుమాన మొసగబడినది.

మన ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంతముల వారికి దీనిని తెలుపుటకు వేరొక యుపమానము వెదకనక్కరలేదు. మంజీరపై 1923లో నారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరమున్నది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని నిర్మించిన ఇంజనీరు. వేళకు తూము తెరచినచో వేళకు మడి తడియును. రెండు గంటలాలస్యముగ తెరచినచో కాలువ చివరి మడికి నీరు మరియు నాలస్యముగ చేరును. తెల్లవారి మనము కోతకు దిగవలసిన సమయమునకు సైతము మడిలో నీరు నిలిచియుండును. నిద్రయు నట్లే. రాత్రి తెర వెలుగుచేత మెలటోనిన్ తూము ఆలస్యముగ తెరచుకొన్నచో, ఉదయము బడిగంట మ్రోగువేళకును పిల్లవాని దేహములో రాత్రియే నడచుచుండును. మొదటి తరగతిలో తల వాల్చు బాలునికి చదువుపై శ్రద్ధ లేదని తలచి బెత్తము పట్టుట సులభము. వాని గడియారము వెనుకబడినదని తెలిసికొనుట మేలు.

అమెరికాలో బోస్టను నగర వైద్యాలయమున జరిగిన పరీక్ష యొకటి 2014 డిసెంబరులో ప్రకటింపబడినది. పన్నెండుమంది అయిదు రాత్రులు నిద్రకు ముందు నాలుగు గంటలు వెలిగెడి తెరపై పుస్తకము చదివిరి. మరి యైదు రాత్రులు మసక వెలుతురున అచ్చుపుస్తకము చదివిరి. తెరపై చదివిన దినములలో మెలటోనిన్ సుమారు గంటన్నర యాలస్యముగ పుట్టినది, మరునాటి యుదయము మబ్బుతనము హెచ్చినది. అయినను నిద్ర పట్టుటలో కలిగిన యాలస్యము సగటున పది నిమిషములే. దీనిని మేము దాచక చెప్పుచున్నాము. ఎందులకన, వెలుగు చేయు కీడు సత్యమేగాని, మనకు కలుగుచున్న నష్టమంతయు దానివలననే కాదు. మనవారు పోగొట్టుకొనునది పది నిమిషములు కాదు, గంటలు. ఒక వీడియో ముగియగానే మరియొకటి దానంతటదే మొదలగును. ఒక వార్త వెంట మరియొక వార్త. వెలుగు తూమును ఆలస్యము చేయును. వింత మనస్సును మేల్కొలుపును. ఈ రెండును కలసి రాత్రిని హరించుచున్నవి.

ఇచ్చట పెద్దలకొక మనవి. వయస్సు మీరిన కొలది కంటిలోని కటకము పసుపుబారును. అందుచేత నీలకాంతి లోనికి పోవుట తగ్గును. పిల్లల కటకము నిర్మలమైనది, కనుపాప పెద్దది. కావున నొకే వెలుగు పిల్లలలో మెలటోనిన్‌ను పెద్దలకంటె నెక్కువగా నణచును. "నేనును రాత్రి టీవీ చూచి సుఖముగా నిద్రపోవుచున్నాను, మనుమనికేమి?" యని తాతగారనుట చెల్లదు. తాతకన్ను వేరు, మనుమనికన్ను వేరు.

ఎంత నిద్ర కావలెను? 2015, 2016 సంవత్సరములలో అమెరికా నిద్రావైద్యులు తేల్చిన లెక్కల ప్రకారము, ఆఱు మొదలు పన్నెండు సంవత్సరముల పిల్లలకు దినమునకు 9 నుండి 12 గంటలు, పదుమూడు మొదలు పదునెనిమిది వరకు 8 నుండి 10 గంటలు, పెద్దలకు 7 గంటలకు తగ్గకుండ నిద్ర యవసరము. అది చాలనిచో మరపు, చిరాకు, చదువులో వెనుకబాటు కలుగును. మన పట్టణము 44వ జాతీయరహదారిపై నున్నది. మన యువకులు పెక్కుమంది లారీలు, కార్లు నడిపి జీవించుచున్నారు. రెప్ప వాలిన క్షణమున నేమి జరుగునో ఆ కుటుంబములకు మేము చెప్పవలసిన పని లేదు.

ఇక నంగట దొరకు మందులను గూర్చి. నీలకాంతిని అడ్డునను కంటద్దములు మన బజారులలోను అమ్ముచున్నారు. కొనిన యువకుడు "నాకు అద్దములున్నవి" యని ధైర్యముతో రెండు గంటలవరకు తెర చూచును. 2023లో కొక్రేన్ సంస్థవారు 17 పరీక్షల ఫలితములను కూర్చి విచారించి, ఈ యద్దములవలన కంటి యలసట తగ్గునని గాని, నిద్ర మెరుగగునని గాని నమ్మదగిన నిదర్శనము లేదని తేల్చిరి. ఫోనులోనే తెరను పసుపురంగు చేయు నేర్పాటున్నది. 2021లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమువారు 18 నుండి 24 సంవత్సరముల యువజనులలో పరీక్షింపగా, దానిని వాడినవారి నిద్రకును వాడనివారి నిద్రకును భేదము కానరాలేదు. కావున రంగు మార్చి రాత్రియంతయు చూచుటకన్న, రంగు మార్చకయే వేళకు మూయుట శ్రేష్ఠము. దీనికి కానియైనను ఖర్చు లేదు. అందుచేతనే కాబోలు దీనిని ప్రకటించువారు లేరు.

ఇప్పుడు మేము చెప్పదలచిన ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. తల్లులారా, అక్కలారా, ఇది మీకొరకు.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలనుండి దుబాయి, మస్కట్టు, సౌదీ, కువైట్, ఖతర్ దేశములకు పొట్టకూటికై పోయినవారు లేని వాడ యరుదు. ఇంటింట నొక కొడుకో, అల్లుడో, పెనిమిటియో యక్కడ నున్నాడు. దుబాయి, మస్కట్టులు మనకంటె గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, ఖతర్ రెండున్నర గంటలు వెనుక. అక్కడివాడు పని ముగించి, స్నానము చేసి, వంట చేసికొని తిని, రాత్రి తొమ్మిదికి ఫోను చేసినచో, దుబాయినుండియైన నిక్కడ పదిన్నర, సౌదీనుండియైన పదకొండున్నర. అంతవరకు తల్లి మేలుకొని తెరవంక చూచుచుండును. భార్య బీడీలు చుట్టుచు కనిపెట్టుకొనియుండును. నాన్న ముఖము చూడక నిద్రపోనని పిల్లలు మారాము చేయుదురు. చివరకు పిలుపు వచ్చును, పావుగంట మాటలు. ఆ పిదప మనస్సు కలతపడి మరి గంట నిద్ర రాదు.

ఇట్టి యిండ్లకు వెళ్లి "రాత్రి తెర చూడకుడు" అని బోధించుట నిర్దయ. ఆ తెరలో కనబడునది వినోదము కాదు, కన్నబిడ్డ. పూర్వము ఉత్తరమునకై నెలలు కనిపెట్టిన యిండ్లు నేడు ముఖమును చూడగల్గుట యొక భాగ్యము. దానిని వదలుకొమ్మని మేము చెప్పము. వేళ మార్చుకొమ్మని మాత్రమే ప్రార్థించుచున్నాము. దానికి దారులు కలవు.

మొదటిది, తెల్లవారుజాము. అక్కడి పనివాండ్రు మిక్కిలి పెందలకడ లేతురు. దుబాయిలో నయిదు గంటలైనప్పుడు మనకు ఆఱున్నర. సౌదీలో నాలుగున్నర యైనప్పుడు మనకు ఏడు. బస్సెక్కుటకు ముందు పది నిమిషములు మాటలాడవచ్చును. పిల్లలు బడికి పోవుటకు ముందు నాన్న ముఖము చూతురు. ఆ వేళ వెలుగు కంటికి మేలే చేయును. రెండవది, మిట్టమధ్యాహ్నము. ఎండకాలమున జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు ఎమిరేట్లలో పగలు పన్నెండున్నర మొదలు మూడు వరకును, సౌదీలో పన్నెండు మొదలు మూడు వరకును ఆరుబయట ఎండలో పని చేయించుట నిషిద్ధము. ఆ విరామము మనకు దుబాయి లెక్కన రెండు మొదలు నాలుగున్నర, సౌదీ లెక్కన రెండున్నర మొదలు అయిదున్నర. తల్లియు భార్యయు నప్పుడు మాటలాడవచ్చును. మూడవది, సెలవుదినము. పెద్ద ముచ్చటలన్నియు నా దినమునకు దాచుకొనవచ్చును. నాలుగవది, రాత్రియే మాటలాడక తప్పనిచో, తెరను వెలిగింపక కేవలము ధ్వనితో మాటలాడుడు. ఫోనును గూటిలో నుంచి, చీకటిలో పండుకొని, గొంతు వినుడు. తల్లి గొంతునకు వెలుగక్కరలేదు. అమెరికాలో చదువుకొనుచున్న బిడ్డలు గలవారికి మన యుదయమే వారి సాయంత్రము గనుక, వారి చిక్కు మరియు సులభము.

ఇంకొకటి. అక్కడ పరంజాపై నిలబడి పనిచేయువాడు మన బిడ్డ. తెల్లవారి నాలుగింటికి లేవవలసినవానిని రాత్రి పదకొండు వరకు మనమే మాటలలో నిలిపినచో, వాని మరునాటి కాలిపట్టునకు మనమే జవాబుదారులము. "బిడ్డా, పండుకో, పొద్దున మాటలాడుదము" అనుటయు ప్రేమయే.

సంఘముగా నేమి చేయవచ్చునో చూపిన యొక పల్లె పొరుగు మహారాష్ట్రమున నున్నది. సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచె వడగావ్ అను గ్రామమున 2022 ఆగస్టు 15వ తేదీనుండి ప్రతి సాయంకాలము ఏడు గంటలకు దేవాలయమునుండి సైరను మ్రోగును. గ్రామస్థులు టీవీలను, ఫోనులను మూయుదురు. ఎనిమిదిన్నరకు మరల సైరను. నడుమ గంటన్నర పిల్లలు చదువుకొందురు, పెద్దలు మాటలాడుకొందురు. పోలీసు లేడు, జరిమానా లేదు. గ్రామసభలో నందరు నొప్పుకొనిన మాట గనుక నిలిచినది. పొరుగింట నిశ్శబ్దముగా నున్నప్పుడు మనయింట మూయుట సులభము. ఇదియే సంఘబలము.

కావున నీ మహాసభ యెదుట కొన్ని సూచనల నుంచుచున్నాము.

ఒకటి: మన సంఘపు వాట్సాప్ బృందములలో రాత్రి తొమ్మిది మొదలు ఉదయ మైదు వరకు సందేశములు పంపరాదు. చావు కబురు, ప్రమాదము, రక్తదానము వంటి యాపద్విషయములైనచో నేరుగా ఫోను చేసి చెప్పవలెను. పెండ్లిసంబంధముల ఫొటోలును, జాతకములును పగటివేళనే పంపవలెను. పెండ్లికూతురు తెల్లవారినంతనే మాయము కాదు గదా!

రెండు: మన విద్యార్థి వసతిగృహమున ఎనిమిదిన్నరకు ఫోనులన్నియు కార్యాలయములోని యొక కొయ్యపెట్టెలో నుంచవలెను. తొమ్మిదిన్నరకు పడకగదులలో దీపము లార్పి, అయిదున్నరకు లేపవలెను. ఎనిమిది గంటల నిద్ర యగును. పఠనమందిరమున రాత్రికై 2700 కెల్విను గుర్తు గల పసుపుచాయ దీపములు పెట్టించుట మంచిది. ఇప్పు డచ్చట నున్నవి 6500 గుర్తువి, మిక్కిలి నీలిచాయవి. ఇందులకగు వ్యయము స్వల్పము. దాతలలో నెవరైన నొకరు తలచుకొన్న చాలును.

మూడు: ప్రతి యింట నిద్రకు గంట ముందుగా తెరలు మూయబడవలెను. ఫోనులకు చార్జింగు పెట్టు చోటు పడకగదిలో గాక ముందరి యింట నుండవలెను. తెల్లవారి లేచుటకు ఫోను కావలెనని సాకు చెప్పువారు అలారం గడియారము కొనుక్కొనవచ్చును. రాత్రి తప్పనిసరిగ చూడవలసినచో తెర వెలుగు తగ్గించి దూరముగ పట్టవలెను. చిన్న దీపము దూరము రెట్టింపైనచో కంటబడు వెలుగు నాలుగవవంతగును. ముఖముపై జానెడు దూరమున ఫోను పట్టుకొని పండుకొనుట యన్నిటికంటె చెడ్డది.

నాలుగు: ఉదయమున పిల్లలను వెలుగులోనికి పంపవలెను. ఇంటిలోని దీపము వెలుగు సాధారణముగ కొన్ని వందల లక్సులకు మించదు. ఆరుబయట పగటి వెలుగు పదివేలు దాటును. పగలు మంచి వెలుగు పొందిన దేహమున రాత్రి గడియారము సరిగ నడచును. సూర్యనమస్కారమును, ఉదయస్నానమును ఏర్పరచిన పెద్దలకు లక్సుల లెక్క తెలియకున్నను, ఫలము తెలియును.

అయిదు: పసిబిడ్డలకు తెర చూపి యన్నము పెట్టుట మానవలెను. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఏడాది లోపు శిశువులకు తెర వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు గంటకు మించరాదనియు చెప్పిరి. చందమామను చూపి తినిపించిన తల్లులకు పుట్టినవారమే మనము.

కొంద రభ్యంతరము చెప్పుదురు. పరీక్షలకు చదువువారు రాత్రి మేల్కొనవద్దా యనుదురు. చదివినది మనస్సున స్థిరపడునది నిద్రలోనే యని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రాత్రి చదువవలసినచో పుస్తకము తెరచి చదువుడు, వేకువను మరల చదువుడు. వర్తకులు దుకాణము మూసిన పిదప ఫోనులో జమాఖర్చులు చూచుకొనవలెనందురు. దుకాణమునందే యరగంట ముందుగా చూచుకొని యింటికి వచ్చుట యుత్తమము. ఇంటికి తెచ్చిన లెక్క పడకమీద వడ్డీ పెరుగును.

అన్నిటికంటె ముఖ్యము, పెద్దలు ముందు చేయుట. మేము దీర్ఘకాలము ఉపాధ్యాయత్వము నెరపితిమి. పిల్లలు మన మాట వినరు, మన నడత చూతురు. తండ్రి చేతిలో తెర వెలుగుచుండగా కొడుకును పండుకొమ్మనుట, చుట్ట కాల్చుచు పొగాకు చెడ్డదని చెప్పుట వంటిది.

మహాశయులారా! మన పూర్వులు మనకు భూములిచ్చిరో లేదో గాని, చీకటితో నిండిన రాత్రి నిచ్చిరి. దాని నమ్ముకొనలేము, తాకట్టు పెట్టలేము. కొంచెము కొంచెముగా పోగొట్టుకొనగలము, అందరము కూడి నిలుపుకొననుగలము. వచ్చు సంవత్సరము మహాసభనాటికి మన వసతిగృహమున నా కొయ్యపెట్టె కనబడినచో, మన వాడలలో పది యిండ్లయిన రాత్రి తొమ్మిదిన్నరకు చీకటి యైనచో, దూరదేశముననున్న మన బిడ్డలు పొద్దుపొడుపువేళ తల్లులతో మాటలాడుచున్నచో, ఈ యుపన్యాసము సార్థకమైనట్లే.

ఈ సూచనలను తీర్మానరూపమున స్వీకరింపుడని యధ్యక్షులవారిని ప్రార్థించి, ఇంతటితో విరమించుచున్నాము.

శుభమస్తు.